సుడుగాడు కాంట్రాక్టరు

ఉదయం కొట్టు తెరిచి, పటాల ముందు ఊదువత్తి గుచ్చుతుంటే ఫోనుకు మెసేజి వచ్చింది. ఫలానా వారి డిజిటల్ సంతకం గడువు త్వరలో ముగుస్తుంది, కొత్తది తీసుకోగలరు అని దాని సారాంశం. ఫలానా వారు అన్నచోట మామ పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంది. మెసేజీలు చదవడమంటే ఆయనకు విసుగు. అందుకని టెండర్ల వెబ్‌సైటులో ఆయన నంబరుకు బదులు నా నంబరే ఇచ్చిపెట్టాం. మనిషి పోయాడన్న సంగతి ఆ వెబ్‌సైటుకు ఎవరూ చెప్పలేదు. రేపు కూడా పంపుతుంది, ఎల్లుండి కూడా పంపుతుంది.

ఆ సంతకం నా సొరుగులోనే ఉంది. కంప్యూటరుకు గుచ్చే చిన్న కీ అది, చూపుడువేలి పొడవు కూడా ఉండదు. దాని కొసకు ఎర్రటి మొలతాడు ముక్క ఒకటి ఇంకా ముడిపడే ఉంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన ఆ పేరు అన్నిటికన్నా ఎక్కువగా కోరుకున్న చోట అది లేదు, ఇక్కడ మాత్రం ఎందుకని నా మొండితనం. నిజానికి నాకు మేనమామా కాదు, ఏ వరసా కాదు. అందరూ మామ అంటే నేనూ అన్నాను. ఇదంతా తెలుగులో రాస్తున్నానని తెలిస్తే నవ్వేవాడు. మాట్లాడటం తెలుగే గాని ఆయన చదివేది, రాసేది తమిళమే.

నా కొట్టు తిరుత్తణిలో పంచాయతీ యూనియన్ ఆఫీసుకు ఎదురుగా ఉంది. జిరాక్సులూ ఆధార్ కార్డులూ పేరుకే. కాంట్రాక్టర్లకు టెండర్లు ఎక్కించి పెట్టడం మీదే నా ఇల్లు నడుస్తుంది. పూర్వం ఆఫీసు వరండాలో ఇనప్పెట్టె ఉండేది. కవరు అందులో వేసి, మురుగన్ గుడి ఉన్న కొండవైపు తిరిగి దండం పెట్టుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు సంతకంతో సహా అంతా కంప్యూటరే. కీ పోతే సంతకం పోయినట్టే, ఎవడి చేతిలోనైనా పడితే నీ తలమీదికొస్తుంది అని మామను ఎవరో భయపెట్టారు. ఆనాటి నుంచి దాన్ని మొలతాడుకు కట్టేసుకున్నాడు. టెండరు వేసే రోజు కుర్చీ లాక్కుని కంప్యూటరు పెట్టె పక్కన కూర్చునేవాడు. చొక్కా పైకెత్తి, కీ దానికి గుచ్చి, ఫైళ్ళన్నీ ఎక్కేదాకా కట్టేసిన ఆవులా అక్కడే ఉండేవాడు. విప్పి ఇమ్మంటే ఇచ్చేవాడు కాదు.

"ఇంగ ఎంతసేపు కంప్యూటరూ? బొడ్డు దగ్గిర కాల్తా ఉండాది" అనేవాడు. నా పేరు ఆయన ఎన్నడూ పలకలేదు. ఆయనకు నేను కంప్యూటరునే. జిరాక్సుకొచ్చిన ఆడపిల్లలు చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వితే ఆయనా నవ్వేవాడు.

ఒకసారి ఆడికృత్తిక పండగ రోజున టెండరు ఆఖరు గడువు పడింది. కావళ్ళ జనంతో ఊరంతా కిక్కిరిసి ఉంది, నెట్టు నత్తనడక నడుస్తోంది. మామ కదలడానికి లేదు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు. మా ఇంటావిడ పంపిన సాంబారన్నం ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో కీ కదలకుండా పట్టుకుని, "ముర్గా, నీ దగ్గిరికి ఇందరు నడిచొస్తా ఉండారే, నా ఫైలు మాత్రం నడవలేదే" అని కొండకు వినబడేలా తిట్టాడు. ఆ ఫైలు గడువుకు కాస్త ముందే ఎక్కింది.

ఆఫీసు చుట్టుపక్కల ఆయన్ను పిలిచే పేరు వేరే ఉంది. సుడుగాడు కాంట్రాక్టరు. శ్మశానాన్ని మావైపు సుడుగాడు అంటాం. రోడ్లకూ, కాలవలకూ, బడి గోడలకూ కాంట్రాక్టర్లు ఎగబడతారు. సుడుగాట్లో శవాన్ని కాల్చడానికి దిమ్మె కట్టి, నాలుగు స్తంభాలు లేపి, పైన రేకులు వేసే పనికి మాత్రం ఎవరూ రారు. ఆ పని చేసినవాడికి తర్వాతి పనులు కలిసిరావని ఒక భయం. భార్య కడుపుతో ఉన్నవాడు ఆ పని ముట్టుకోనే కూడదు, అది ఇంకా పెద్ద భయం. మామకు పిల్లల్లేరు. "నాకు యా భయం అంటుకుంటుంది?" అని ఆ పనులన్నీ తనే వేసుకునేవాడు. పళ్ళిపట్టు నుంచి తామరైపాక్కం దాకా ఎన్నో ఊళ్ళ శవాలకు ఆయన వేసిన కప్పే వాన కాచింది.

అలాగని ఆయనకు మర్యాద దక్కిందనుకోకండి. ఎవరైనా ఆ ఏడాది మొదటి టెండరు వేసే రోజు పొద్దున్నే మామ ఎదురైతే వెనక్కి తిరిగిపోయేవాళ్ళు. అది ఆయనకు తెలుసు. అలాంటి రోజుల్లో టీకొట్టు వైపు రాకుండా రోడ్డు అవతలి పక్కన నిలబడి నాకు చేత్తో సైగ చేసేవాడు. నేనే టీ తీసుకుని రోడ్డు దాటేవాణ్ణి. నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం టీ ఊదుకుంటూ, "పాపం, వాళ్ళూ బతకల్ల గదా" అనేవాడు.

పని పట్టడంలో ఆయన పద్ధతి ఆయనది. అందరూ ఆఫీసు అంచనా చూసి రేటు వేస్తే, ఆయన ముందు మోపెడ్ మీద ఆ ఊరికి పోయేవాడు. లారీ ఎక్కడిదాకా వస్తుంది, కాంక్రీటు తడపడానికి నీళ్ళు ఎవరి బావి నుంచి తేవాలి, ఆ బావి ఆసామి మంచివాడా కాదా, ఇవన్నీ కనుక్కున్నాకే నా దగ్గరికొచ్చేవాడు. టెండరు షరతులు మొదటి పేజీ నుంచి చివరిదాకా నాచేత పైకి చదివించేవాడు, ఎన్నిసార్లు విన్నవైనా సరే. ఊళ్ళో ముసలివాళ్ళను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది. "వాన యా పక్కనించి కొడుతుంది తాతా?" ఆ పక్క చూరు కిందికి దించడానికి ఇంజనీరు దగ్గర ముందే అనుమతి రాయించుకునేవాడు. నోటిమాట మీద పని మొదలుపెట్టే మనిషి కాదు. వర్కు ఆర్డరు చేతికొచ్చేదాకా గడ్డపార దించేవాడు కాదు.

"గెలిచేస్తే అయిపోయిందనుకుంటారు కంప్యూటరూ. గెలిచినాంకనే గదా కష్టము. పునాదిలో ఇనప కమ్మి కట్టినప్పుడే ఫోటో తియ్యల్ల. మూసేసినాంక లోపల కమ్మి ఉండాదంటే ఎవుడు నమ్ముతాడు? కొత్తగా వచ్చేటోళ్ళకి చెప్పు" అనేవాడు. తనే చెప్పొచ్చు కదా అంటే, సుడుగాడు కాంట్రాక్టరు మాట ఎవరు వింటారని నవ్వేవాడు.

పని ముగిశాక కొంతకాలం మరమ్మత్తులు కాంట్రాక్టరే చూసుకోవాలి. ఆ గడువు ఎప్పుడు తీరుతుందా అని అందరూ ఎదురుచూస్తారు. మామ మాత్రం గాలివాన వచ్చిన ప్రతిసారీ, గడువు ఎప్పుడో తీరిపోయిన వాటితో సహా, తను వేసిన కప్పులన్నీ చూసి వచ్చేవాడు. మోపెడ్ పెట్టెలో ఎప్పుడూ ఒక స్పానరూ, రేకుల బోల్టులూ ఉండేవి. సుడుగాట్లో నిచ్చెన వేసుకుని రేకులు బిగిస్తున్న ఒంటరి మనిషిని చూసి ఒకచోట పశువుల కాపర్లు పారిపోయారట.

ఫోటోల కోసం నేనూ ఆయనతో సైట్లకు పోయేవాణ్ణి. ఆయన చేసే ఆఖరి పని అక్కడే చూశాను.

దిమ్మె ఆరి, రేకులు బిగించి, సున్నం కొట్టడం అయ్యాక ఊళ్ళో నలుగురినీ పిలిపించేవాడు. వాళ్ళు దూరంగా నిలబడేవాళ్ళు. కొత్త దిమ్మె మీద మొట్టమొదట ఎవరిని పడుకోబెడితే, ఆ ఇంటినుంచే ఇంకొకరిని అది పిలుచుకుంటుందని మావైపు నమ్మకం. ఆ మొదటివాడు ఎవరన్నది తేలక కొన్ని ఊళ్ళలో కొత్త దిమ్మెలు ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. అందుకని మామ చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు దిమ్మె మీద పరిచి, దక్షిణానికి తల పెట్టి వెల్లకిలా పడుకునేవాడు. కళ్ళు మూసుకుని, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకునేవాడు. ఎంతో కాలంగా ఆయనతో పనిచేసే మేస్త్రి కాళ్ళవైపు నిలబడి, కాసేపాగి అడిగేవాడు.

"సరిపోయిందా అన్నా?"

"సరిపోయిందిరా. లేస్తా ఉండా" అని లేచి, తువ్వాలు దులుపుకుని, మామ ఊరివాళ్ళ వైపు తిరిగేవాడు. "మొదటోణ్ణి నేను అయిపోయినా. ఇంగ మీకేం భయం లే."

మొదటిసారి చూసినప్పుడు లేవమని అరవబోయాను. తర్వాత్తర్వాత అలవాటైంది. అయినా ఆయన కళ్ళు మూసుకున్న ఆ కాసేపూ నా చెయ్యి ఫోటో తీయడానికి లేచేది కాదు.

ఇన్ని ఊళ్ళకు కట్టినవాడికి సొంత ఊళ్ళో కట్టడం మాత్రం కుదరలేదు. పళ్ళిపట్టు దగ్గర ఏటి ఒడ్డున ఉంది ఆ ఊరు. కాపురం తిరుత్తణికి మార్చినా ఆయన ప్రాణం అక్కడే ఉండేది. అక్కడ సుడుగాడంటే ఏటి గట్టున బయలు, అంతే. వాళ్ళమ్మ వానల్లో పోయింది. కట్టెలు తడిసి అంటుకోలేదట. కిరసనాయిలు పోశారట, లారీ టైర్లు వేశారట. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయినా ఈయన అక్కడే నిలబడ్డాడట. ఇది నాకు ఒక్కసారే చెప్పాడు, వేరే ఊరి టెండరు ఎక్కుతుండగా, కీ గుచ్చుకుని కదలలేక కూర్చున్నప్పుడు.

"మా యమ్మకి గొడుగు పట్టినా కంప్యూటరూ. గొడుగు పట్టి కాల్చినా" అన్నాడు. ఆ తర్వాత ఫైలు ఎక్కేదాకా గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఏటేటా అర్జీలిచ్చి, గ్రామసభల్లో లేచి అడిగి, చివరికి ఆ ఊరికి పని మంజూరు చేయించాడు. నోటీసు వెబ్‌సైటులో కనబడగానే ఫోను చేశాను. కాసేపట్లోనే వచ్చాడు, చొక్కా బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకుని.

ఒక చిక్కుంది. ఒక్కరే వేస్తే టెండరు రద్దు చేసి మళ్ళీ పిలుస్తారు. సుడుగాటి పనికి రెండోవాడు ఎక్కడ దొరుకుతాడు? అందుకని ప్రతిసారీ ఎవరో ఒకర్ని బతిమాలి తోడు టెండరు వేయించుకునేవాడు. తోడు వేసేవాడు రేటు ఎక్కువ వేస్తాడు, తక్కువ వేసిన మామకు పని వస్తుంది. ఇది న్యాయమని నేననను, ఇక్కడ నడిచే పద్ధతి ఇది. ఈసారి తోడు వేసింది తామరైపాక్కం వైపు కాంట్రాక్టరు ఒకతను. మా తెలుగువాళ్ళే, కాలవ పనులు చేస్తాడు, పని నేర్చుకున్నది మామ దగ్గరే. భార్య కడుపుతో ఉంది, మంచం దిగొద్దన్నారు. కాగితం మీద వేయడమే గదా, సుడుగాట్లో అడుగు పెట్టేది లేదు గదా అని ఒప్పుకున్నాడు. ఆమెను వదిలి తిరుత్తణి దాకా రాలేక ఇంట్లోనే ల్యాప్‌టాప్‌లో వేశాడు. శాతాల్లో వేసే రేటు పక్కన ఇంకో గడి ఉంటుంది, ఆ రేటు అంచనాకు పైనా కిందా అని. పైన అని పెట్టవలసిన చోట అతను కింద అని పెట్టాడు.

ధరలు తెరిచిన రోజు మామ నా పక్కనే ఉన్నాడు. మొదటి వరసలో ఉన్న పేరు ఆయనది కాదు.

"సరిగా చూడు" అన్నాడు. చూశాను. "అద్దాలు తుడుచుకోని చూడు" అన్నాడు. తుడుచుకుని చూశాను. పని తామరైపాక్కం అతనికి పడింది.

అంతలోనే అతని దగ్గర్నుంచి ఫోను. స్పీకరు పెట్టాను.

"మామా, తప్పు జరిగిపోయింది మామా. పైన కింద చూడలే. సుడుగాడు పని నా పేర్న పడిపోయింది. ఇంట్లో తెలిస్తే దాని ప్రాణం పోతుంది. ఇంగ మూడు నెలల్లో కాన్పు. నేనేం చేసేది మామా?" అవతల ఏడుస్తున్నాడు.

అతను పని వదులుకోవచ్చు. వదులుకుంటే పేరు నల్ల జాబితాకెక్కి చాలాకాలం ఏ సర్కారు పనీ దొరకదు. కానీ అప్పుడు టెండరు మళ్ళీ పిలుస్తారు, మామకు తన పేరు మీదే పని వస్తుంది. ఫోనులో వినబడకుండా ఆ మాట కాగితం మీద తమిళంలో రాసి మామ ముందు పెట్టాను. ఆయన చదివి, కాగితం బోర్లా తిప్పాడు.

"ఏడవద్దురా" అన్నాడు ఫోనులో. "వర్కార్డరు నీ పేర్నే తీసుకో. ఆ పక్కకి మాత్రం నువ్వు రావద్దు. నేను కట్టిస్తా. నీ పెండ్లానికాడ ఈ పేచ్చే ఎత్తొద్దు."

ఫోను పెట్టేశాక నేను కోప్పడ్డాను. అది మీ ఊరు మామా, ఇన్నేళ్ళు తిరిగింది మీరు అన్నాను.

"బిడ్డ పుట్టే యాళకి వాడి నోట్లో మన్ను కొట్టమంటావా?" అన్నాడు. బోర్లా తిప్పిన కాగితం మీద వేలు పెట్టి, "మళ్ళా పిలస్తారు అంటా ఉండావే, ఎప్పుడు పిలస్తారు? టెండరు ముందరొస్తుందా, వాన ముందరొస్తుందా?" అన్నాడు.

పనంతా ఆయనే చేయించాడు. కాగితాల ప్రకారం ఆయన అక్కడ ఎవరూ కాదు. కొలతలకొచ్చిన కొత్త ఇంజనీరు ఆయన్నే మేస్త్రి అనుకుని "ఇంగ వాంగ మేస్త్రీ" అని తమిళంలో రమ్మంటే, మామ "సార్" అంటూ పోయి టేపు కొస పట్టుకున్నాడు, సొంత ఊరివాళ్ళు చూస్తుండగానే. బోర్డు రాసే పెయింటరు కాంట్రాక్టరు పేరేంటని అడిగాడు. మామ దగ్గర నిలబడి తామరైపాక్కం అతని పేరు ఒక్కో అక్షరమూ చెప్పి రాయించాడు. నేను ఫోను చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

పని ముగిసిన రోజు ఊరివాళ్ళు వచ్చి ఎప్పటిలాగే దూరంగా నిలబడ్డారు. మేస్త్రి కాళ్ళవైపు పోయి నిలబడ్డాడు. మామ చెప్పులు విడిచాడు. తువ్వాలు తీశాడు. దాన్ని పరచలేదు. దిమ్మె మీద పడిన సున్నప్పొడి తుడిచి, దులిపి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"పండుకోలేదా అన్నా?" అన్నాడు మేస్త్రి.

"కట్టినోడు గదా పండుకోవల్ల? నేనా కట్టింది?" అని బోర్డు వైపు చెయ్యి చూపించి నవ్వాడు. "వేండాంప్పా, వద్దు. పదండి పోదాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళలో ఆయన దేనికీ అలగలేదు. టీకొట్టుకు దూరంగా నిలబడవలసి వచ్చినందుకు అలగలేదు, పిల్లలు లేనందుకు అలగలేదు. ఆ ఒక్కరోజు, ఆ ఒక్క దిమ్మె దగ్గర, పసివాడిలా అలిగాడు. పోనీలే, అంతమాత్రం అలకకు ఆయనకు హక్కు లేదా అనుకున్నాను.

ఐప్పసి నెల వానలు మొదలయ్యాయి. తామరైపాక్కం అతనికి ఆడపిల్ల పుట్టింది, మిఠాయి పంపాడు. ఆ మిఠాయి డబ్బా ఇంకా నా బల్ల మీద ఉండగానే మామ ఊళ్ళో ఒక ముసలావిడ పోయింది. కొత్త దిమ్మె మీద మొట్టమొదట తమ మనిషిని పెట్టడానికి ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. కొత్త కప్పు పక్కనుంచే మోసుకుపోయి, పాత చోటనే, ఏటి గట్టు మీద పెట్టారు. నిప్పు పెట్టాక వాన దిగింది. కప్పు కింద పొడిగా ఉన్న దిమ్మె మీద మేకలు పడుకుని ఉన్నాయట. బయట ఆవిడ కట్టెలు సగంలో ఆరిపోయాయట.

మరుసటి రోజు మామ కొట్టుకొచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. కూర్చోమంటే కుర్చీ తడుస్తుందని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆ యవ్వ మా యమ్మతో కూలికి పోయేది కంప్యూటరూ" అన్నాడు. "రొంతసేపు పండుకోనుంటే సరిపోయుండును. పేరు లేదని రోషం పడినా. సుడుగాట్లో ఎవుడికి కావల్ల పేరు?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన వినలేదు. ఏరు పొంగి ఆ ఊరి దారి మునిగింది, బస్సులు పళ్ళిపట్టులోనే ఆగిపోతున్నాయి. "నీళ్ళు దిగిన రోజే పోదాం. నువ్వూ రా. నేను పండుకున్నప్పుడు ఫోటో తీసి ఊర్లో అందరి ఫోన్లకీ పంపించు, చూసుకోనీ" అన్నాడు. పడుకున్నప్పుడు ఫోటో తీయమని ఆయన అడిగింది ఆ ఒక్కసారే.

నీళ్ళు దిగేలోపలే ఆయన పోయాడు. ఉదయం పళ్ళు తోముకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. తిరువళ్ళూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. ఏరు కాస్త తగ్గి, దారి తేలే వేళకు ఆయన్ను ఊరికి తీసుకుపోయాం. ఆకాశం మళ్ళీ మూసుకొచ్చింది.

ఎక్కడ పెట్టాలని పెద్దవాళ్ళు గొణుక్కుంటుంటే అత్త, అంటే ఆయన భార్య, లోపలినుంచి బయటికొచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఎన్ని ఊర్లలో పండుకోని లేచొచ్చినాడు ఆ మనిషి! మన ఊర్లో పండుకోలేదని కూడు తినకుండా కుమిలిపోయినాడు. కొత్తదాంట్లోనే పెట్టండి. మా ఇంటినించి ఇంగొకర్ని పిలస్తే నన్నే గదా పిలిచేది. పిలవనీ."

పెద్దవాళ్ళు లేచి పాడెకు మనుషుల్ని పిలిచారు.

తామరైపాక్కం అతను వచ్చాడు. పసిబిడ్డ ఇంట్లో ఉండగా సుడుగాటికి పోవద్దని వాళ్ళింట్లో ఎంత చెప్పినా వినలేదట. పొడి కట్టెలు టెంపోలో వేయించుకుని, పైన టార్పాలిన్ కప్పుకుని తెచ్చింది అతనే. బోర్డు పక్కనే నిలబడ్డాడు గాని దాని మీద ఉన్న తన పేరు వైపు తల ఎత్తలేదు. వాన పడమటి నుంచి కొట్టింది. ఆ పక్క చూరు దించి ఉంది.

మొలతాడు తెంచినప్పుడు మేస్త్రి ఆ కీ తీసి నా చేతిలో పెట్టాడు. మామను కట్టెల మీద దక్షిణానికి తల పెట్టి పడుకోబెట్టి, చేతులు రెండూ పొట్ట మీద పెట్టారు. అంతా సర్దాక మేస్త్రి అలవాటు కొద్దీ కాళ్ళవైపుకు పోయి నిలబడ్డాడు.

"సరిపోయిందా అన్నా?" అన్నాడు.

అన్నాక గాని తనేం అడిగాడో అతనికి తెలియలేదు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నిప్పు పట్టుకున్న మనిషి కూడా ఆగిపోయాడు. ఆయన లేచి ఏదో చెబుతాడన్నట్టు మేమంతా అలాగే నిలబడ్డాం. పైన రేకుల మీద వాన గట్టిగా పడుతోంది. కింద కట్టెలు పొడిగా ఉన్నాయి.